అప్పు ఇచ్చేదీ అడిగేదీ ఊరే కావాలన్న కలెక్టరు: సర్ ఫ్రెడరిక్ నికల్సన్

పుదుచ్చేరి: ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరిలో 1877లో ఒక బ్యాంకు శాఖ తెరుచుకుంది. దాని పేరు బాంక్ ద లిండోషీన్. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో పుట్టిన ఆ సంస్థ పుదుచ్చేరి వ్యవహారాల కోసం రూపాయి నోట్లు సైతం జారీ చేసింది. ఓడల మీద సరుకు పంపే వర్తకులకు అది అక్కరకు వచ్చిన బ్యాంకే. అయితే ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ షరతుపై ఇవ్వాలి అన్న చివరి మాట సముద్రాలకు ఆవల ఉన్న యజమానులది. విల్లియనూరులోనో బాహూరులోనో నాలుగు మడులు సేద్యం చేసుకునే రైతుకు ఆ తలుపు ఉన్నా లేనట్టే. అతడి అప్పు ఊళ్లోని వడ్డీ వ్యాపారి పద్దులోనే పుట్టి, అక్కడే పెరిగి, ఒక్కోసారి అతడి కొడుకు పేరు మీదికి కూడా సాగేది.

పట్టణం పొలిమేర దాటితే బ్రిటిషువారి దక్షిణ ఆర్కాడు జిల్లా. ఫ్రెంచి గ్రామాలూ ఇంగ్లీషు గ్రామాలూ ఒకదాని మధ్య ఒకటి చిక్కుకుపోయి, పొలం గట్టుకు ఇటు ఒక ప్రభుత్వం, అటు మరొక ప్రభుత్వం అన్నట్టుగా ఉండేవి. ప్రభుత్వాలు వేరైనా రైతు అవసరం వేరు కాదు. విత్తనానికి, ఎద్దులకు, బావికి, పెళ్లికి, చావుకు కావలసిన డబ్బును ఎవరు ఇవ్వాలి, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి అన్న ప్రశ్నను గట్టుకు అటువైపున కూర్చుని ఏళ్ల తరబడి తరచి చూసిన వ్యక్తి సర్ ఫ్రెడరిక్ అగస్టస్ నికల్సన్. నేడు దేశంలోని సహకార పరపతి సంఘాల వంశవృక్షం వెతుక్కుంటూ వెనక్కి వెళితే తగిలే తొలి పేర్లలో ఆయనది ఒకటి.

1846లో జన్మించిన నికల్సన్ 1869లో మద్రాసు సివిల్ సర్వీసులో చేరారు. ఆయన ఉద్యోగానికి ఏడేళ్లు నిండేసరికి దక్షిణ భారతాన్ని 1876-78 నాటి మహా క్షామం కమ్ముకుంది. తెలుగువారు దాన్ని ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు మొదలుకొని సేలం, కోయంబత్తూరుల దాకా మెట్టనేలలు మాడిపోయాయి. ఆ కరువును చూసిన తరం అధికారుల్లో చాలామందికి ఒక సంగతి తెలిసివచ్చింది. వాన పడకపోవడం ఒక ఏడాది కష్టం. వాన పడని ఏడాది చేసిన అప్పు ఒక తరం కష్టం. పంట తిరిగి పండినా, ఆ గింజ ముందు షావుకారు గాదెకు చేరి, మిగిలితేనే రైతు ఇంటికి వచ్చేది.

కోయంబత్తూరు జిల్లాతో నికల్సన్‌కు దగ్గరి పరిచయం ఏర్పడింది. ఆ జిల్లా సమగ్ర వివరణ గ్రంథాన్ని ఆయన 1887లో వెలువరించారు. నేల రకాలు, పంటలు, పశువులు, నీటి వనరులు, పన్నులు, జనం జీవిక అన్నీ అందులోకి వచ్చాయి. కోయంబత్తూరు బావుల సేద్యానికి పేరుపడిన సీమ. బావి తవ్వాలంటే రైతుకు ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాలి, దాని ఫలం మాత్రం ఏళ్ల మీద చిన్న చిన్నగా వస్తుంది. పంట చేతికి రాగానే అసలూ వడ్డీ కలిపి కట్టమనే అప్పుతో బావి పని సాగదు. ఈ లెక్క పుస్తకాల్లో కంటే పొలాల్లోనే ముందు అర్థమవుతుంది. తరువాతి కాలంలో ఆయన రాసిన ప్రతి పుటలోనూ ఆ పొలం వాసన ఉంటుంది.

రైతుకు అప్పు ఇవ్వాలన్న ఆలోచన ప్రభుత్వానికి అప్పటికే లేకపోలేదు. 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చాయి. జనం వాటిని తక్కావీ అన్నారు. కాగితం మీద వడ్డీ తక్కువే. కానీ అర్జీ పెట్టాలి, కరణం రాయాలి, పై అధికారి వచ్చి చూడాలి, తహసీలు కచేరీ చుట్టూ తిరగాలి. ఇంతలో అదను దాటిపోయేది. కట్టవలసిన రోజు వస్తే శిస్తు వసూలుకు ఉన్న కాఠిన్యమే దీనికీ ఉండేది. రైతుకు అర్ధరాత్రి తలుపు తట్టినా డబ్బు ఇచ్చేవాడు వడ్డీ వ్యాపారి ఒక్కడే. వ్యాపారిని దుర్మార్గుడని తిట్టి ఊరుకున్నవారు చాలామంది. అతడిలో ఉన్న సదుపాయం ఏమిటో గుర్తించినవారు తక్కువ. నికల్సన్ ఆ తక్కువమందిలో ఒకరు.

బొంబాయి రాష్ట్రంలో సర్ విలియం వెడర్‌బర్న్ పూనా ప్రాంతపు ధనికుల సహాయంతో పురందర్ తాలూకాలో ఒక వ్యవసాయ బ్యాంకు పెట్టాలని 1880ల తొలినాళ్లలో పథకం వేశారు. రిప్పన్ ప్రభుత్వం ఒప్పుకున్నా లండన్‌లోని భారత మంత్రి 1884లో దాన్ని తోసిపుచ్చారు. ఆ పథకం నెరవేరి ఉన్నా అది ధనికులు పైనుంచి కిందికి ఇచ్చే బ్యాంకే అయి ఉండేది. అప్పు తీసుకునే రైతుకు దానిలో ఓటు లేదు.

1892లో, లార్డ్ వెన్‌లాక్ గవర్నరుగా ఉన్న కాలంలో, మద్రాసు ప్రభుత్వం నికల్సన్‌కు ఒక ప్రత్యేక బాధ్యత అప్పగించింది. ఐరోపాలో భూమి బ్యాంకులు, వ్యవసాయ బ్యాంకులు ఎలా నడుస్తున్నాయో పరిశీలించి, అలాంటివి మద్రాసు ప్రెసిడెన్సీలో నిలుస్తాయో లేదో చెప్పాలన్నది పని. సాధారణంగా ఇలాంటి పనికి ఒక అధికారి నూరు పుటల నివేదిక ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. నికల్సన్ రెండు భారీ సంపుటాలు రాశారు. మొదటిది 1895లో, రెండోది 1897లో వెలువడ్డాయి. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్సు, స్విట్జర్లాండు మొదలైన దేశాల అనుభవం వాటిలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని పల్లెల అప్పు 45 కోట్ల రూపాయల దాకా ఉంటుందన్న ఆయన అంచనా ఆ తరువాత దశాబ్దాల పాటు ఆర్థికవేత్తల రాతల్లో మళ్లీ మళ్లీ కనిపించింది.

ఆయన చదివిన వాటన్నింటిలో ఎక్కువగా మనసుకు హత్తుకున్నది రైన్ నదీ ప్రాంతపు ఒక చిన్న మేయరు కథ. ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ 1818లో పుట్టి 1888లో చనిపోయారు. 1846-47 చలికాలంలో తన అధీనంలోని పల్లెలు ఆకలితో అలమటిస్తుంటే ఆయన ధాన్యం తెప్పించి రొట్టెలు కాల్పించారు. 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో సుమారు 60 మంది స్థితిమంతులను కూడగట్టి, వారి పూచీ మీద పేద రైతులకు పశువులు కొనిపెట్టే సంఘం స్థాపించారు. 1854లో హెడెస్‌డార్ఫ్‌లో మరో ధర్మసంఘం పెట్టారు. రెండూ మంచి పనులే చేశాయి, రెండూ నీరసించాయి. ఇచ్చేవారి ఉత్సాహం చల్లారింది. పుచ్చుకునేవారికి సంఘం తమదన్న భావమే పుట్టలేదు. పదిహేనేళ్ల ఆ అనుభవం తరువాత 1864లో రైఫైజన్ తన పద్ధతిని తలకిందులు చేశారు. అప్పు కావలసినవాడు ముందు సభ్యుడు కావాలి, సభ్యులందరూ కలిసి ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడాలి, నిర్ణయాలు వారే తీసుకోవాలి అన్నది కొత్త నియమం.

ఈ మలుపును నికల్సన్ ఎంతో జాగ్రత్తగా పట్టుకున్నారు. రైఫైజన్ సంఘం పరిధి ఒక ఊరు లేదా ఒక చర్చి కిందికి వచ్చే కొద్ది పల్లెలు. అక్కడ ఎవరు పనిమంతుడో, ఎవరు తాగుబోతో, ఎవరి గొడ్డు ఈనబోతోందో అందరికీ తెలుసు. లెక్కలు రాసేవాడికి తప్ప పాలకవర్గంలో ఎవరికీ జీతం లేదు. లాభం పంచుకోరు, అది విడదీయరాని నిధిగా పోగవుతుంది. ఎద్దు కొంటానని తీసుకున్న డబ్బుతో ఎద్దే కొన్నాడా లేదా అని పక్కింటివాడే చూస్తాడు, ఎందుకంటే ఎగవేస్తే నష్టం పక్కింటివాడిదే. దీన్ని నిఘా అనవచ్చు, పరస్పర విశ్వాసం అనీ అనవచ్చు; పల్లెలో ఈ రెండింటికీ మధ్య గోడ పలచన.

జర్మనీలోనే షుల్జ్-డెలిచ్ పట్టణాల చేతివృత్తులవారి కోసం వేరే పద్ధతి నడిపారు. ఇటలీలో లుజాట్టి 1865లో మిలాన్‌లో ప్రజా బ్యాంకు స్థాపించారు. వోలెంబోర్గ్ 1883లో లొరెజ్జియా గ్రామంలో రైఫైజన్ నమూనాను ఇటలీ నేలకు తెచ్చారు. ఫ్రాన్సు 1884లో వ్యవసాయదారుల సంఘాలకు చట్టబద్ధత ఇచ్చి, 1894లో వాటి నుంచి స్థానిక పరపతి సంఘాలు పుట్టేలా మరో చట్టం చేసింది. పుదుచ్చేరిని ఏలుతున్న దేశం తన సొంత పల్లెల్లో రైతుల చేతికే పరపతి అప్పగించే దారి వెతుకుతున్న రోజులవి. ఇన్ని నమూనాలు ముందుంచుకున్న నికల్సన్ దేనినీ యథాతథంగా దిగుమతి చేసుకోమనలేదు. అన్నింటిలోనూ సమానంగా కనిపించే సూత్రాన్ని వెతికారు.

ఆ సూత్రం వినడానికి సాదాసీదాగా ఉంటుంది. డబ్బు చౌకగా దొరికినంత మాత్రాన రైతు బాగుపడడు. సులువుగా దొరికే అప్పు అతడిని ఇంకా లోతుకు ముంచవచ్చు. పొదుపు, ముందుచూపు, పరస్పర సహాయం నేర్పని బ్యాంకు ఎంత డబ్బు గుమ్మరించినా వ్యర్థం. ఆ గుణాలు ఎదగాలంటే అప్పు సంస్థ అప్పు తీసుకునేవాడి ఇంటికి దగ్గరగా ఉండాలి, అతడే దాని యజమాని కావాలి, తన డబ్బూ తన పొరుగువాడి డబ్బూ అందులో ఉండాలి. రాజధానిలో కూర్చున్న పెద్ద భూమి బ్యాంకు అయినా, కలెక్టరు కచేరీ నడిపే ఖజానా అయినా ఈ పని చేయలేవని ఆయన నిర్ధారించారు. స్వయంగా కలెక్టరుగా పనిచేసిన వ్యక్తి తన కచేరీ శక్తికి ఇలా హద్దు గీయడం విశేషం.

మరొక విశేషం నిధుల గురించి ఆయన చేసిన పరిశీలన. ఐరోపా మీదే చూపు పెట్టిన అధికారులు గమనించని సంస్థలు మద్రాసు వీధుల్లోనే ఉన్నాయి. 19వ శతాబ్దం మధ్య నుంచి తమిళ, తెలుగు పట్టణాల్లో నిధులు అనే పొదుపు సంఘాలు పుట్టుకొచ్చాయి. గుమాస్తాలు, వకీళ్లు, చిన్న వర్తకులు నెలనెలా కొంత చందా కట్టి, అవసరమైనప్పుడు అందులో నుంచే అప్పు తీసుకుని, గడువు తీరాక వడ్డీతో సొమ్ము వెనక్కి పొందేవారు. ఊళ్లలో అనాదిగా సాగుతున్న చిట్టీల పాటకు ఇది దగ్గరి చుట్టం. మైలాపూరులో 1872లో మొదలైన హిందూ పర్మనెంట్ ఫండు వీటిలో పేరుపడింది. తెల్ల అధికారి ఎవరూ చెప్పకుండానే, ఏ చట్టమూ ప్రోత్సహించకుండానే ఇక్కడి జనం సొంతంగా పరపతి సంఘాలు నడుపుకోగలరనడానికి నికల్సన్ వీటిని సాక్ష్యంగా నిలిపారు.

వాటి లోపాలనూ ఆయన దాచలేదు. కంపెనీల చట్టం కింద నమోదైన నిధి పేరుకు సభ్యులది. చాలాచోట్ల పగ్గాలు కొద్దిమంది డైరెక్టర్ల చేతిలోకి జారిపోయేవి. సభ్యులు సమావేశాలకు రారు, లెక్కలు చూడరు. మోసాలు జరిగి కొన్ని నిధులు కుప్పకూలాయి. పైగా అవి పట్టణాలకే పరిమితమై, సేద్యానికి ఉపయోగపడలేదు. సభ్యత్వం రసీదు ముక్కగా మిగిలితే సంఘం ఏమవుతుందో ఆయనకు సొంత ప్రెసిడెన్సీయే చూపించింది.

ఇన్ని వందల పుటల సారాన్ని ఆయన ఒక చిన్న సలహాగా కుదించారు. ప్రభుత్వం డబ్బు మూటలు వెతకనక్కరలేదు, పల్లెల్లో రైఫైజన్ వంటి మనిషిని వెతకాలి అన్నదే ఆ సలహా. ఇంగ్లీషులో అది రెండే మాటలు. ఊరివాళ్ల నమ్మకం ఉన్న, ఊరివాళ్ల మధ్యే బతికే ఒక నాయకుడు దొరికితే మిగతాది సమకూరుతుందని ఆయన భావం. ఈ మాటకు ఎంత పేరు వచ్చిందో అంత అపార్థమూ వచ్చింది. కొందరు దీన్ని మహాపురుషుడి కోసం ఎదురుచూపుగా తీసుకున్నారు. నివేదిక అంతా చదివితే ఆయన అడిగినది ఒక్క మహాపురుషుడిని కాదని, ఊరూరా ఒక సాధారణ కార్యకర్తనని తెలుస్తుంది.

మద్రాసు ప్రభుత్వం ఈ నివేదికను పెద్దగా ఆదరించలేదు. అంత కృషి అలమారులో పడి ఉండిపోవలసిందే. కానీ ఉత్తరాదిన కొందరు అధికారులు దాన్ని శ్రద్ధగా చదివారు. వాయవ్య రాష్ట్రాల్లో డ్యూపర్నెక్స్, పంజాబులో మక్లాగన్ వంటివారు ప్రయోగాలకు దిగారు. శతాబ్దం మారే వేళకు మళ్లీ క్షామం విరుచుకుపడింది. సర్ ఆంథొనీ మెక్డానెల్ అధ్యక్షతన 1901లో నివేదిక ఇచ్చిన క్షామ సంఘంలో నికల్సన్ సభ్యులు. పరస్పర పరపతి సంఘాలను గట్టిగా బలపరచిన నివేదిక అది. అదే ఏడు లార్డ్ కర్జన్ ప్రభుత్వం సర్ ఎడ్వర్డ్ లా అధ్యక్షతన వేసిన కమిటీలోనూ ఆయన ఉన్నారు. దాని ఫలితమే 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం.

ఆ చట్టం చిన్నది, సరళమైనది. ఒకే ఊరికో, ఒకే వర్గానికో చెందిన పదిమంది కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. గ్రామ సంఘంలో అయిదింట నాలుగు వంతుల మంది సేద్యగాళ్లే ఉండాలి, వారి పూచీకి పరిమితి లేదు. ఒక్కడే వాటాలన్నీ కొనేసి సంఘాన్ని లోబరచుకోకుండా వాటాలపై హద్దులు పెట్టారు. 1912లో వచ్చిన రెండో చట్టం అపరిమిత పూచీ ఉన్న సంఘాల్లో ఒక సభ్యుడికి ఒకే ఓటు అన్న నియమాన్ని రాతలో పెట్టింది. ఎకరాలు ఎన్ని ఉన్నా, ఓటు ఒకటే.

అయితే అదే చట్టం రిజిస్ట్రారు అనే అధికారిని సృష్టించింది. సంఘాన్ని నమోదు చేసేది, లెక్కలు తనిఖీ చేసేది, అవసరమైతే రద్దు చేసేది కూడా ఆయనే. మొదట్లో రిజిస్ట్రారును గురువుగా, స్నేహితుడిగా ఊహించారు. నడక నేర్పే చెయ్యి ఎప్పుడు వదలాలి అన్న దానికి మాత్రం చట్టంలో జవాబు లేదు. నికల్సన్ కలలోని సంఘానికీ, చట్టం పుట్టించిన సంఘానికీ మధ్య సందు ఇక్కడే మొదలైంది. ఆ సందులో నుంచే తరువాతి వందేళ్ల ప్రభుత్వాలు లోపలికి వచ్చాయి.

మద్రాసు రాష్ట్రంలో తొలి రిజిస్ట్రారుగా పి.రాజగోపాలాచారి నియమితులయ్యారు. 1904లోనే చెంగల్పట్టు జిల్లా తిరూరులో వ్యవసాయ సంఘం, కాంచీపురంలో పట్టణ సంఘం నమోదయ్యాయి. పల్లె సంఘాలకు డబ్బు సమకూర్చేందుకు 1905లో మద్రాసు సెంట్రల్ అర్బన్ బ్యాంకు ఏర్పడింది. ఆ మరుసటి ఏడు, 1906 అక్టోబరులో, మద్రాసులో కొండంత పేరున్న అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. జీవితకాలపు పొదుపును అందులో దాచుకున్న వేలమంది ఒక్క రోజులో వట్టి చేతులతో మిగిలారు. ఆ కంపెనీ ఏం చేస్తోందో అడిగే హక్కు వారిలో ఎవరికీ లేదు. ఊరి సంఘం నిధి చిన్నదే కావచ్చు, దాని పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో మాత్రం సభ్యులందరికీ తెలుసు.

నికల్సన్ 1904 ప్రాంతంలో సర్వీసు నుంచి విరమించారు. సర్ బిరుదు అప్పటికే లభించింది. ఆ స్థాయి అధికారులు ఓడెక్కి స్వదేశం పోయి పింఛనుతో కాలం గడపడం రివాజు. ఆయన నీలగిరుల్లోని కూనూరులో స్థిరపడి, అరవైకి చేరువైన వయసులో మరో పని భుజాన వేసుకున్నారు. అది చేపల పరిశ్రమ. మద్రాసు ప్రభుత్వం 1907లో మత్స్యశాఖ నెలకొల్పి ఆయనను గౌరవ డైరెక్టరుగా నియమించింది. ఆ పని కోసం జపాను వెళ్లి అక్కడి జాలరుల పద్ధతులు చూసి వచ్చి నివేదిక రాశారు.

ఇక్కడా ఆయన దారి అదే. మలబారు, దక్షిణ కన్నడ తీరాల్లో కవ్వల చేపలు కుప్పలు తెప్పలుగా పడే రోజుల్లో జాలరులు వాటిని ఇసుకలో ఎండబెట్టి ఎరువు కింద కారుచౌకగా అమ్ముకునేవారు. ఆ చేపలను ఉడికించి పిండితే మంచి నూనె వస్తుంది, మిగిలిన పిండి ఇంకా మంచి ఎరువు అవుతుంది. దీనికి పెద్ద కర్మాగారం కట్టి పెద్ద కంపెనీకి అప్పగించడం తేలిక. నికల్సన్ శాఖ అలా చేయలేదు. జాలరులే ఒడ్డున పెట్టుకోగల చిన్న తొట్లు, చిన్న పిడత యంత్రాలతో పద్ధతి రూపొందించి, చేసి చూపించింది. కొద్ది ఏళ్లలోనే ఆ తీరం వెంట అలాంటి చిన్న కార్ఖానాలు అనేకం వెలిశాయి. ఆ తీరం మధ్యలోనే పుదుచ్చేరి పాలనలోని మాహే ఉంది. జాలరుల పిల్లలకు బడులు, జాలరులకు పరపతి సంఘాలు, తాగుడు మాన్పే ప్రయత్నాలు, అన్నీ ఆ శాఖ పనులే. చేపల శాఖకు బడితో ఏం పని అని పెదవి విరిచినవారికి సమాధానం ఆయన పాత నివేదికలోనే ఉంది. లెక్క చదవలేని సభ్యుడు సంఘానికి యజమాని కాలేడు. 1918లో ఆ శాఖ బాధ్యత జేమ్స్ హార్నెల్ చేతికి వచ్చింది.

ఈలోగా తెలుగు జిల్లాల్లో సహకారోద్యమం నిలదొక్కుకుంది. మచిలీపట్నంలో వైద్యవృత్తి చేస్తున్న డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో ముందు నిలిచారు. ఆంధ్రా బ్యాంకు పుట్టింది ఆ తరువాత, 1923లో. అదే మచిలీపట్నంలో ఒక చిన్న ముక్క అప్పటికి ఫ్రెంచివారిది, దాని పాలన పుదుచ్చేరి నుంచి సాగేది. 1947 దాకా ఆ చిత్రం అలాగే ఉంది. వేమవరపు రామదాసు పంతులు మద్రాసు రాష్ట్ర సహకార బ్యాంకుకు అధ్యక్షులై, దేశమంతటి సహకార సంస్థల గొంతుగా పేరుపొందారు. నికల్సన్ వెతకమన్న మనుషులు తెలుగు నేలపై దొరకకపోలేదు.

కూనూరులో 1936లో నికల్సన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 90 ఏళ్లు. భారతీయ రిజర్వు బ్యాంకు పుట్టి ఏడాది మాత్రమే అయింది.

ఆయన పోయిన 18 ఏళ్లకు, 1954లో, రిజర్వు బ్యాంకు వేయించిన గ్రామీణ పరపతి సర్వే వెలువడింది. సహకార సంఘాలు యాభై ఏళ్లు పనిచేసి కూడా రైతు తీసుకునే అప్పులో నూటికి 3.1 పాళ్లు మాత్రమే ఇవ్వగలిగాయని అది లెక్క తేల్చింది. దానికి గోర్వాలా కమిటీ సూచించిన మందు ప్రభుత్వ భాగస్వామ్యం. ప్రభుత్వం వాటా కొంటుంది, సంఘాలు పెద్దవవుతాయి, డబ్బు ఎక్కువ పారుతుంది. డబ్బు నిజంగానే ఎక్కువ పారింది. వాటాతో పాటు నామినేటెడ్ డైరెక్టరూ వచ్చాడు, పాలకవర్గాన్ని తొలగించి అధికారిని కూర్చోబెట్టే ఉత్తర్వూ వచ్చింది, ఎన్నికలు వాయిదా వేసే అలవాటూ వచ్చింది. అప్పు మాఫీ అవుతుందా లేదా అన్నది సర్వసభ్య సమావేశం నుంచి ఎన్నికల సభలకు తరలిపోయింది. ఆ కమిటీ ఉద్దేశాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు, 3.1 శాతం అన్న అంకె చూసి ఎవరైనా కలవరపడతారు. నికల్సన్ మాత్రం అలాంటి డబ్బు గురించి 60 ఏళ్ల ముందే హెచ్చరించారు.

పుదుచ్చేరికి ఈ కథ ఆలస్యంగా వచ్చింది. 1904 చట్టం బ్రిటిషు ఇండియాకే వర్తించేది కనుక ఫ్రెంచి గ్రామాల్లోకి అది అడుగుపెట్టలేదు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారతదేశానికి బదిలీ అయింది. 1958లో పుదుచ్చేరి రాష్ట్ర సహకార బ్యాంకు ఏర్పడింది. పెద్ద రాష్ట్రాల్లో ఊరి సంఘానికీ రాష్ట్ర బ్యాంకుకూ మధ్య జిల్లా బ్యాంకు ఉంటుంది. ఇక్కడ ఆ మధ్య మెట్టు లేదు. విల్లియనూరు, బాహూరుల సంఘాలకైనా, గోదావరి పాయ ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం సంఘాలకైనా పైన ఉన్నది ఒకే బ్యాంకు. 1972లో పుదుచ్చేరి తన సొంత సహకార సంఘాల చట్టం చేసుకుంది. ప్రభుత్వ వాటా, ప్రభుత్వ పర్యవేక్షణ మామూలు విషయాలైన యుగంలో ఈ వ్యవస్థ పుట్టింది. సభ్యుల ఓటు, అధికారి సంతకం ఈ రెండింటిలో ఏది పైచేయి కావాలన్న తర్జనభర్జన దేశమంతటా ఉన్నట్టే ఇక్కడా ఉంది.

ఆ తర్జనభర్జనలో 1995లో ఆంధ్రప్రదేశ్ వేసిన అడుగు దేశం దృష్టిని ఆకర్షించింది. ఆ ఏడు వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘంలో ప్రభుత్వానికి వాటా ఉండదు, వాటా లేదు కనుక పాలకవర్గాన్ని తీసేసే చెయ్యి ఉండదు. నియమావళి రాసుకునేది సభ్యులే, ఎన్నికలు జరుపుకునేది సభ్యులే, నష్టం వస్తే భరించేదీ వారే. తరువాత అనేక రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేశాయి. 2011లో రాజ్యాంగానికి జరిగిన 97వ సవరణ సహకార సంఘం ఏర్పరచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. స్వచ్ఛంద స్థాపన, స్వతంత్ర నిర్వహణ, ప్రజాస్వామిక నియంత్రణలను ప్రోత్సహించాలని 43బి అధికరణం రాజ్యాన్ని ఆదేశిస్తోంది.

చట్టం రాకముందే అలా బతికిన సంఘాలూ ఉన్నాయి. కరీంనగర్ ప్రాంతపు ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో ఒక సహకార గ్రామీణ బ్యాంకు వెలిసింది. అప్పు, ఎరువు, విత్తనం, పంట అమ్మకం అన్నీ ఒకే కప్పు కింద సమకూర్చి అది దేశంలోనే పేరు తెచ్చుకుంది. ఆ పేరు చూసి చుట్టుపక్కల ఊళ్లకు విస్తరించడం దానికి కష్టం కాదు. అది తన పరిధిని ఒకరినొకరు ఎరిగిన 14 గ్రామాలకే ఉంచుకుంది.